మూడు నిమిషాల తమ్ముడు

నా సర్వీసు పుస్తకంలో ఒక్క మచ్చ లేదు. రిటైరైన రోజు మెడలో దండ వేసి పెద్ద ఆఫీసరు ఆ మాటే చెప్పాడు. అందరూ చప్పట్లు కొట్టారు. నాకు మాత్రం బోధన్‌లో మా పాత ఎక్స్ఛేంజి గది గుర్తొచ్చింది. ఒక మధ్యాహ్నం మూడు గంటలకు ఆ గదిలో కూర్చుని నేను చేసిన పని గుర్తొచ్చింది. అది ఏ పుస్తకంలోకీ ఎక్కలేదు. తెలిసినవాళ్లం ముగ్గురమే. అందులో ఒకతని పేరు నాకు చివరిదాకా తెలియదు.

నేను ఉద్యోగంలో చేరింది అరవైల్లో. మా బాపు చక్కెర ఫ్యాక్టరీలో చెరకు బండ్లు తూచేచోట పనిచేసేవాడు. నేను మెట్రిక్ పాసయ్యాక టెలిఫోన్ ఆపరేటరుగా తీసుకున్నారు. బోధన్‌లో ఆ కుర్చీలో కూర్చున్న మొదటి ఆడదాన్ని నేనే. పోస్టాఫీసు వెనక ఒకే ఒక్క గది మా ఎక్స్ఛేంజి. ఫ్యాక్టరీ, తాలూకా కచేరి, పోలీసు స్టేషను, ఇద్దరు డాక్టర్లు, కొందరు బియ్యం వ్యాపారులు, అంతే మా ఊరి ఫోన్లు. ఎవరు ఎవరితో మాట్లాడాలన్నా ముందు నాతో మాట్లాడాలి. నేను వాళ్ల తీగను తీసి ఎదుటివాళ్ల రంధ్రంలో గుచ్చాలి.

మా పైన ఇంచార్జిగా ఒక పెద్దాయన ఉండేవాడు. బోధన్‌లో తరతరాలుగా ఉన్న ముస్లిం కుటుంబం. నిజాం కాలం నుంచీ అదే పని. ఆయన్ని అందరం సాబ్ అనేవాళ్లం. ఇక మిగిలింది అక్క.

అక్క గది ఊడ్చి, కుండలో నీళ్లు నింపి, సామాను తుడిచేది. నలభై ఏళ్లుంటాయి. పోస్ట్‌మాస్టరు నుంచి టపా పంచే జవాన్ల దాకా అందరికీ ఆమె అక్కే. రెంజల్ దగ్గరి ఊరు వాళ్లది. తమ్ముణ్ని కని తల్లి చనిపోతే, పదిహేనేళ్ల పిల్ల ఆ పసిగుడ్డును చంకనేసుకుని పెంచింది. పెళ్లయిన రెండేళ్లకే భర్త పోతే ఆ పిల్లవాణ్ని తీసుకుని బోధన్ వచ్చేసింది. వాణ్ని బడికి పంపింది, నిజామాబాద్‌లో కరెంటు పని నేర్పించింది. ఆ పిల్లవాడు పెద్దవాడై బెంగుళూరులో ప్రభుత్వం వాళ్ల టెలిఫోన్ల ఫ్యాక్టరీలో ఉద్యోగం సంపాదించాడు. దేశంలో ఎక్కడ ఫోను మోగినా అక్కడ చేసిందే ఎక్కువగా మోగే రోజులవి. ఫోన్లే కాదు, మా లాంటి ఎక్స్ఛేంజిలలో తీగలు గుచ్చే బోర్డులూ అక్కడే తయారయ్యేవి.

అతను ఒకసారి సెలవు మీద వచ్చి వెళ్లాడట. అది నేను చేరకముందు. నేనతన్ని ఎన్నడూ చూడలేదు. అక్క దగ్గర ఒక ఫోటో ఉండేది. పల్చని మనిషి, పెద్ద చెవులు.

నేను చేరిన ఏడాదికి మా పాత విదేశీ బోర్డు తీసేసి కొత్తది పంపారు. బెంగుళూరు నుంచి మూడు చెక్కపెట్టెల్లో గడ్డి కూరి వచ్చింది. సాబ్ పెట్టెలు విప్పిస్తుంటే అక్క చీపురు పట్టుకుని అక్కడే నిలబడింది.

"మా తమ్ముడున్న కాడికెళ్లి వచ్చినయా సాబ్?"

"హా, అక్కడి నుంచే. నీ తమ్ముడే చేసిండు అనుకో."

సాబ్ నవ్వుతూ అన్న మాటను ఆమె నవ్వుతూ తీసుకోలేదు. ఆ రోజు నుంచీ ఆ బోర్డును తుడవడానికి వేరే మెత్తని గుడ్డ పెట్టుకుంది. దసరాకు దానికి పసుపు రాసి బొట్టు పెట్టింది. నేను ప్లగ్గు కొంచెం గట్టిగా గుచ్చితే, "జర మెల్లగ బిడ్డా," అనేది.

నెలకో రెండు నెలలకో అతని ఉత్తరం వచ్చేది. అక్కకు చదువు రాదు. నేను చదివి వినిపించేదాన్ని, జవాబు ఆమె చెబితే నేను రాసేదాన్ని. అతని ఉత్తరాలు పుస్తకాల భాషలో ఉండేవి. 'అక్కకు నమస్కారములు' అని మొదలుపెట్టేవాడు. ఫ్యాక్టరీ హాలు మన ఊరంత పొడుగుంటుందని, ఆడపిల్లలు వరుసగా కూర్చుని వెంట్రుకల్లాంటి తీగలకు సీసం అతుకుతారని, వాళ్లు చేసినదాన్ని తాను పరీక్ష చేస్తానని రాసేవాడు. ఒక ఉత్తరంలో, 'పొద్దంతా చెవికి పెట్టుకుని వినుటయే నా పని. గొంతు సాఫుగా వచ్చినచో ముద్ర వేయుదును' అని రాశాడు. అది అక్కకు ఎంతో నచ్చింది. మళ్లీ మళ్లీ చదివించుకుంది.

ఇక మూడో మనిషి. బోధన్ నుంచి బయటి ఊరికి ఏ ఫోన్ పోవాలన్నా నిజామాబాద్ మీదుగానే పోవాలి. అక్కడ పగటి డ్యూటీలో ఒక ఆపరేటరు ఉండేవాడు. ఆపరేటర్లు ఒకరినొకరు ఊరి పేరుతోనే పిలుచుకుంటారు. అతనికి నేను 'బోధన్', నాకు అతను 'నిజామాబాద్'. వేల్పూర్ వైపు మనిషినని ఒకసారి చెప్పాడు. లైన్లు ఖాళీగా ఉన్నప్పుడు, "ఏం బోధన్, మీ తాన వాన పడ్డదా?" అనేవాడు. మేం ఒకరినొకరం చూసుకోలేదు. అయినా రెండేళ్లలో అతని గొంతు మా ఇంట్లో మనిషి గొంతులా అయిపోయింది.

అరవై తొమ్మిదిలో ప్రత్యేక తెలంగాణ ఉద్యమం వచ్చింది. బళ్లు మూతపడ్డాయి, రైళ్లు ఆగాయి, టపా సరిగ్గా రాలేదు. బెంగుళూరు ఉత్తరమూ రాలేదు. అందరికీ అట్లాగే ఉందిలే అనుకున్నాం. తర్వాత గొడవలు కొంచెం సద్దుమణిగి టపా సంచులు మళ్లీ నిండుగా రావడం మొదలైంది. అందరికీ పాతవీ కొత్తవీ కలిపి ఉత్తరాలు వచ్చాయి. అక్కకు రాలేదు.

నేను ఆమె పేరు మీద రెండు ఉత్తరాలు రాశాను. జవాబు లేదు. ఆమె తిండి తగ్గించింది. మాట తగ్గించింది. ఊడుస్తూ ఊడుస్తూ నా కుర్చీ వెనక ఆగిపోయేది. నేను హెడ్‌సెట్‌లో మాట్లాడుతుంటే నా మెడ మీద ఆమె ఊపిరి తగిలేది.

"బిడ్డా, గీ తీగ ఆడిదాక పోతదా?"

"పోతదక్కా."

"మరి ఆడ వాడు ఇనేటోడే గద. మనం మాట్లాడితె ఇంటడా?"

ఆమెకు ఎట్లా చెప్పాలో నాకు తెలియలేదు. సాబ్‌ను అడిగి బెంగుళూరు ఫ్యాక్టరీకి కలపడానికి ప్రయత్నించాను. నిజామాబాద్ హైదరాబాద్‌ను పట్టుకున్నాడు, హైదరాబాద్ బెంగుళూరును పట్టుకుంది. ఫ్యాక్టరీలో ఉన్న ఆపరేటరమ్మాయి మర్యాదగానే, అతని నంబరు ఎంత, ఏ విభాగం అని అడిగింది. అక్కడ వేలమంది పనిచేస్తారట. మా దగ్గర అతని పేరు, ఉత్తరాలు రాసే అద్దెగది చిరునామా తప్ప ఏమీ లేవు. కనుక్కుంటానని చెప్పింది, ఇంతలో లైను తెగిపోయింది. మర్నాడు ప్రయత్నిస్తే హైదరాబాద్ దాటలేదు. ఆ తర్వాతి రోజు కలిసింది కాని అవతలి మాట ఒక్కటీ అర్థం కాలేదు, ఉత్త హోరు.

ఆ శనివారం అక్క పోస్టాఫీసు వరండాలో కళ్లు తిరిగి పడిపోయింది. నీళ్లు చల్లి లేపితే, "మూడొద్దులాయె, ముద్ద దిగుతలేదు," అంది. ఆమె చేయి పట్టుకుంటే కట్టెపుల్లలా ఉంది. ఆ రాత్రి పడుకోబోయే ముందే నేను నిశ్చయించుకున్నాను.

సోమవారం లైను ఖాళీగా ఉన్నప్పుడు నిజామాబాద్‌తో చెప్పాను.

"అన్నా, నువ్వు రెండు మాటలు మాట్లాడు. ఆమె తమ్ముడన్నట్టు. మంచిగున్న, పని ఎక్కువున్నది, జాబు రాస్త అని. గంతే."

అవతల పెన్సిలు బల్ల మీద పెట్టిన చప్పుడైంది.

"వద్దు బోధన్. గట్ల చెయ్యద్దు."

"ఆమె చచ్చిపోయేటట్టున్నది అన్నా. నాలుగు రోజులల్ల అసలు జాబు రానే వస్తది. అప్పటిదాక ఇంత తింటది."

"గొంతు గుర్తు పట్టదా?"

"గంత దూరంకెళ్లి వచ్చే గొంతు ఎవ్వలకు గుర్తు వడ్తది?"

అతను సరేనన్నది బుధవారం పొద్దునకు. అది కూడా నేను ఏడ్చాక. ఈ మాట స్పష్టంగా రాస్తున్నాను, ఎందుకంటే తర్వాత అతను తప్పంతా తనదే అన్నట్టు బతికాడు. ఆలోచన నాది. బలవంతం చేసింది నేను.

బుధవారం మధ్యాహ్నం సాబ్ ఎడపల్లి దారిలో పడిపోయిన స్తంభం చూడటానికి వెళ్లాడు. నేను అక్కను పిలిచి నా కుర్చీలో కూర్చోబెట్టాను. బెంగుళూరు కలిసిందని చెప్పాను. ఆమె చేతులు చీరకు తుడుచుకుంది, కొంగు సవరించుకుంది. హెడ్‌సెట్ నేనే పెట్టాను. నాకు వినపడటానికి రెండోది నా చెవికి ఆనించుకున్నాను.

హోరులోంచి గొంతు వచ్చింది.

"అక్కా... నేను..."

ఆమె వీపు బిగుసుకుంది.   తర్వాత మెల్లగా, "తింటున్నవా?" అంది.

"తింటున్న అక్కా."

"జరం గిట్ల లేదు గద?"

"లేదక్కా. మంచిగున్న. పని ఎక్కువున్నది."

"జాబు ఎందుకు రాస్తలేవు?"

"రాస్త. నువ్వు పరేషాన్ కాకు. నువ్వు తిను."

"నువ్వు తిను బిడ్డా," అంది ఆమె. "ఎక్కడున్నా తిను."

బయటి ఊరి ఫోనుకు ఇచ్చే మూడు నిమిషాలు కాగానే నేను ప్లగ్గు తీశాను. ఆమె హెడ్‌సెట్ తీసి, చెవికి ఆనేచోట కొంగుతో తుడిచి కొక్కేనికి తగిలించింది. "మంచిగున్నడంట," అంది, నా ముఖం చూడకుండా. ఆ సాయంత్రం పోస్టాఫీసు వరండాలో కూర్చుని జొన్నరొట్టె తిన్నది. అది చూసి నేను మంచిపనే చేశాననుకున్నాను. తొమ్మిది రోజులు అట్లాగే అనుకున్నాను.

మా ఊరికి వచ్చే తంతిని నిజామాబాద్‌లో ఫోన్లో చదివితే నేను రాసుకోవాలి. పదో రోజు ఉదయం అతనే చదివాడు. చిరునామా చదివి ఆగాడు. అక్క పేరు, పోస్టాఫీసు, బోధన్.

"చదువు అన్నా," అన్నాను.

అతను ఒక్కొక్క ఇంగ్లీషు మాటా విడివిడిగా చదివాడు. తమ్ముడు జ్వరంతో ఆసుపత్రిలో చనిపోయాడు. తోటివాళ్లు దహనం చేశారు. చిరునామా దొరకక ఆలస్యమైంది, ఉత్తరం వెనక వస్తుంది. చనిపోయిన తేదీ ఉంది. అది మా బుధవారానికి అయిదు రోజుల ముందటిది.

"రాసుకున్నవా?"

"రాసుకున్న."

"మల్ల చదువు." అది నియమం. రాసుకున్నదాన్ని తిరిగి చదివి వినిపించాలి. నేను చదివాను. అవతల అతని ఊపిరి వినిపిస్తోంది. నేను చదవడం అయ్యాక కూడా ఇద్దరం లైను వదల్లేదు. 

ఆ కాగితం నా చేతిరాతతోనే సాబ్ చేతికి వెళ్లింది. ఆయన వరండాలో అక్కను కూర్చోబెట్టి చెప్పాడు. పోస్ట్‌మాస్టరు, ఇద్దరు జవాన్లు, అందరూ చుట్టూ నిలబడ్డారు. ఆమె ఏడుస్తుందని అందరూ కాచుకుని ఉన్నారు. ఆమె తేదీ అడిగింది. సాబ్ చెప్పాడు. వేళ్లు మడిచి లెక్కపెట్టుకుంది.

"గది తప్పు సాబ్. గా దినం తర్వాతనే వాడు నాతోని మాట్లాడిండు. పోయిన వారం బుధారం. గీ పిల్లనే కలిపింది. అడుగుండ్రి."

అందరూ నా వైపు తిరిగారు. ఆమె కూడా చూసింది. అప్పుడు చెప్పి ఉండాల్సింది. ఆ వరండాలో, ఆ నిమిషంలో చెప్పి ఉంటే తప్పు ఒకటే అయ్యేది.

"ఔను," అన్నాను.

సాబ్ ముఖం వెలిగింది. పాపం, ఆయన నా మాట నమ్మి వెంటనే పెద్ద తంతి రాయించాడు. ఒకరి బదులు ఇంకొకరని పొరపాటు పడి ఉండొచ్చు, మళ్లీ చూడండి అని. రెండు రోజులకు జవాబు వచ్చింది. పొరపాటేమీ లేదని. సాబ్ ఆ జవాబు చదివి నన్ను ఏమీ అడగలేదు. తన గదిలోకి వెళ్లి కూర్చున్నాడు.

రెంజల్ వైపు నుంచి అక్క చిన్నాయన కొడుకులు వచ్చారు, దినాలు చేయాలని. ఆమె గడప దాటనివ్వలేదు. "బతికున్నోనికి పిండం వెడ్తరా? మీ నోట్లె మన్ను వొయ్య!" అని చీపురు ఎత్తింది. వాళ్లు తిరిగిపోయారు. ఆమె రోజూ పనికి వచ్చింది, తిన్నది, తల దువ్వుకుంది. ప్రతి బుధవారం మూడు గంటలకు మాత్రం చీపురు గోడకు ఆనించి వచ్చి నా కుర్చీ వెనక నిలబడేది. ఏమీ అడిగేది కాదు. మూడు నిమిషాలు నిలబడి వెళ్లిపోయేది.

నేను ఆ గదికి భయపడటం మొదలుపెట్టాను. లైను మీద ఎప్పుడూ ఉండే హోరే, ఇదివరకు పట్టించుకోనిది, ఇప్పుడు ఎవరో పెదవి విప్పబోతున్నట్టు వినిపించేది. ఫోను వచ్చిందని చెప్పడానికి బోర్డు మీద పడే చిన్న మూత ఎవరూ పిలవకుండానే పడేది. ఊళ్లో ఎక్కడ తీగకు కొమ్మ తగిలినా పడుతుంది, నాకు తెలుసు. అయినా ప్లగ్గు గుచ్చి "నంబర్ ప్లీజ్" అని, హెడ్‌సెట్‌ను చెవికి కొంచెం దూరంగా పట్టుకునేదాన్ని. ఆ బోర్డును పరీక్షించింది అతనే కావచ్చు. అతను చెవి పెట్టి విని, గొంతు సాఫుగా ఉందని ముద్ర వేసిన బోర్డు మీదనే నేను అతని గొంతును దొంగిలించాను.

నిజామాబాద్ కూడా మారిపోయాడు. నంబర్లు తప్ప మాట్లాడేవాడు కాదు. ఒకసారి నేనే, "అన్నా, ఎట్లున్నవ్?" అన్నాను.

"బోధన్, నేను ఇంట్ల మాట్లాడుతలేను," అన్నాడు. "నోరు తెరిస్తె నా గొంతు నాదనిపిస్తలేదు. మా పిల్లలను పిలిస్తె, సచ్చినోడు పిలిచినట్టు ఇనస్తున్నది."

నెల గడిచాక బోధన్ స్టేషనుకు రైలు పార్శిలులో ఒక రేకు పెట్టె వచ్చింది. తోటి పనివాళ్లు పంపారు. అక్క దాన్ని ఇంటికి తెప్పించుకుని నన్ను పిలిచింది. చెరకు బండ్లు పోయే బాట పక్కన ఒంటి గది ఆమెది. ఆదివారం పొద్దున. తలుపు తీసే ఉంది, బయట ఎండ. "ఎవ్వలదో పెట్టె పంపిండ్రు, సూడు," అంది.

పెట్టెలో రెండు చొక్కాలు, ఒక దువ్వెన, ఫ్యాక్టరీ గుర్తింపు కార్డు. కార్డు మీద పెద్ద చెవుల ఫోటో. అడుగున గుడ్డలో చుట్టిన ఉత్తరాల కట్ట. విప్పితే నా చేతిరాత. రెండేళ్లుగా ఆమె చెబితే నేను రాసినవన్నీ, వరసగా, మడతలు చెడకుండా. పైనున్న రెండు కవర్లు చింపలేదు. అతను ఆసుపత్రిలో ఉండగానో, పోయాకనో చేరినవి. నేను అతికించిన కవర్లు అతికించినట్టే ఉన్నాయి.

నేను ఆ నేల మీదనే కూర్చుండిపోయి మొత్తం చెప్పేశాను. బెంగుళూరు కలవలేదని, మాట్లాడింది నిజామాబాద్ ఆపరేటరని, చేయించింది నేనని. చెబుతూ ఆమె కాళ్లు పట్టుకున్నాను.

ఆమె కాళ్లు వెనక్కి తీసుకోలేదు.  బాట మీద బండ్లు పోతున్నాయి.

"నాకెర్కే," అంది.

నేను తలెత్తాను.

"మొదటి మాటకే ఎర్కాయె. వాడు నన్ను అక్కా అని ఎన్నడు పిలిచిండు? నేను పాలు తాపి పెంచిన. కాయితం మీద అక్క అని రాస్తడు. నోటితోని అవ్వా అనే పిలుస్తడు."

"మరి... మరెందుకక్కా..."

"ఆ పిలిచినోడు అబద్ధమైతె తంతి కాయితం నిజమైతది గద బిడ్డా. నేను అబద్ధాన్నే పట్టుకున్న. ఎన్నొద్దులు పట్టుకుంటనో సూద్దామనుకున్న. నువ్వు ఇడిపిచ్చినవ్."

అప్పుడు ఏడ్చింది. అంత శబ్దంతో ఒక మనిషి ఏడవడం నేను అంతకుముందు వినలేదు, తర్వాతా వినలేదు. పక్కిళ్ల ఆడవాళ్లు పరుగెత్తుకొచ్చారు.

మూడో రోజున ఆమె పనికి వచ్చి నా దగ్గరికొచ్చింది. "ఆయనతోని ఒక్కపారి మాట్లాడియ్యి," అంది. ఎవరితో అని నేను అడగలేదు. నిజామాబాద్‌ను పిలిచి చెప్పాను. అతను వద్దంటాడనుకున్నాను. "కలుపు," అన్నాడు.

అదే కుర్చీలో కూర్చోబెట్టాను. సాబ్ తన బల్ల దగ్గరే ఉన్నాడు. మేం చేస్తున్నది చూశాడు. తల దించుకుని తన పనిలో పడ్డాడు.

"నువ్వెవ్వలో నాకెర్కలేదు నాయినా," అంది అక్క. "నీ మీద నాకు కోపం లేదు. వాణ్ని నేను సాగనంపలే. నిప్పు వెట్టలే, నీళ్లు ఇడువలే. నన్నొక్కపారి అవ్వా అని పిలువు. నేను పోయిరమ్మంట."

హోరు. మామూలుగా ఉండే హోరు కంటే ఎక్కువ. నా చెవికి కూడా హెడ్‌సెట్ ఉంది. చాలాసేపటికి, చాలా దూరం నుంచి వచ్చినట్టు, సన్నగా, కాని సాఫుగా వినబడింది.

"అవ్వా."

అక్క ముందుకు వంగింది. బోర్డు మీద రెండు చేతులూ ఆనించింది.

"పోయిరా బిడ్డా," అంది. "పోయిరా."

ఆ వారమే చిన్నాయన కొడుకులను పిలిపించి కందకుర్తి దగ్గర గోదావరిలో చేయవలసినవన్నీ చేయించింది. నన్ను రమ్మనలేదు. నేనూ వస్తానని అడగలేదు. తర్వాత కూడా ఆమె నాతో బాగానే మాట్లాడింది, వేళకు తిన్నావా అని అడిగింది. కాని బోర్డును మళ్లీ ముట్టలేదు. గదంతా ఊడ్చేది, దాని దగ్గరికొచ్చేసరికి చీపురు పక్కకు తిప్పేది. ఆ మెత్తని గుడ్డతో నేనే తుడుచుకునేదాన్ని.

నిజామాబాద్ ఆ నెలలోనే ఆపరేటరు పని వదిలేసి లైన్ల మీద పనికి వేయించుకున్నాడని విన్నాను. స్తంభాలెక్కి తీగలు కట్టే పని. ఆ కుర్చీలోకి కొత్త గొంతు వచ్చింది. అతను ఎలా ఉన్నాడో తెలుసుకునే దారి లేదు. పేరు కూడా అడగలేదు మరి.

ఆరేడేళ్ల తర్వాత, నాకు పెళ్లై ఒక బిడ్డ పుట్టాక, డిచ్‌పల్లి దగ్గర బస్సు కోసం నిలబడి ఉన్నాను. పక్కన ఒకతను భుజాన తాడు చుట్ట వేసుకుని ఇంకొకరితో, "వాన పడేటట్టున్నది," అన్నాడు. ఆ గొంతు నాకు తెలిసినదే. అతని వైపు తిరిగి, "నిజామాబాద్?" అన్నాను.

అతను నన్ను చూశాడు. నేననుకున్న దానికంటే పొట్టిగా, పెద్దవయసుగా ఉన్నాడు.

"బోధన్," అన్నాడు.

పక్కనున్న బండ మీద కూర్చున్నాం. అక్క ఎలా ఉందని అడిగాడు. పని మానేసి రెంజల్ వైపు చిన్నాయన కొడుకుల దగ్గర ఉంటోందని చెప్పాను. అతను తలూపి, నేల చూస్తూ అన్నాడు.

"ఆమె అడిగింది నేను చెయ్యలేకపోయిన. గది నన్ను ఇప్పటిదాక తింటున్నది."

"ఏం అడిగింది?"

"అవ్వా అని పిలువుమన్నది గద. నాకు నోరు రాలే.  హెడ్‌సెట్ తీసి బల్ల మీద వెట్టి, బయటికి పోయి నిలవడ్డ. మల్ల వచ్చేసరికి లైను తీసేసి ఉన్నది. ఆమె ఎంతసేపు ఎదురుచూసిందో ఏమో."

నేను అతని ముఖం వంక చూశాను. అబద్ధం చెప్పేవాడి ముఖం కాదది. అబద్ధం ఎట్లా ఉంటుందో మా ఇద్దరికీ బాగా తెలుసు.

లైన్లు కలుస్తుంటాయి. ఎక్కడో ఎవరో ఇంకెవర్నో పిలిచిన మాట మన తీగలోకి దూరుతుంది. ఆ రోజుల్లో రోజుకు పదిసార్లు జరిగేది. ఏ నిర్మల్‌లోనో, ఏ హైదరాబాద్‌లోనో ఒక కొడుకు తన తల్లిని పిలిచి ఉంటాడు. నేను ఈ మాట నాకు నేను చాలాసార్లు చెప్పుకున్నాను. అతనితో మాత్రం చెప్పలేకపోయాను. "మేం ఇన్నం అన్నా," అన్నాను. "ఇద్దరం ఇన్నం."

అతను లేచి నిలబడ్డాడు. తాడు చుట్ట భుజం మీద సర్దుకున్నాడు.  "నీ బస్సు వస్తున్నది," అని మాత్రం అన్నాడు. తర్వాత అతన్ని నేను చూడలేదు.

ఆ సంగతి అక్కకు చెప్పాలని ఒక రోజు ఆమె ఊరికి వెళ్లాను. ఆమె పొలంలో ఉందంటే గట్టు మీద నడుచుకుంటూ వెళ్లాను. వరి కోతలయ్యాయి. మోకాళ్లు మడిచి కూర్చుని ఒక్కత్తే చిక్కుడుకాయలు తెంపుతోంది. నన్ను చూసి సంతోషపడింది. బిడ్డ ఎట్లా ఉంది, అత్త మంచిగ చూస్తోందా అని అడిగింది. ఒడిలోని కాయలు నా సంచిలో పోసింది. ముఖం నిండుగా ఉంది, నవ్వు తేటగా ఉంది.

"గింత దూరం ఎందుకొచ్చినవ్ బిడ్డా?"

నోటిదాకా వచ్చింది.

"నిన్ను సూద్దామని అక్కా."

"సూసినవ్ గద," అంది ఆమె, లేచి కొంగు దులుపుకుంటూ. "పొద్దుగూకుతది. పో, బస్సు పోతది."